చేతిసంచిలో నిప్పు
(ఖరగ్‌పూర్‌లో రైల్వే, తపాలా ఉద్యోగుల తెలుగు సభలో సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ఖరగ్‌పూర్‌లో యూనియన్ సభ జరుగుతున్నదంటే జీతాలు, కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ, క్వార్టర్ల మరమ్మతు వంటి సమస్యలను గురించి వినవచ్చునని మీరు వచ్చి ఉంటారు. ఆ సమస్యలను మేము మరచిపోలేదు. అయితే ఈ సాయంకాలం మీ ముందు ఉంచదలచిన విషయం చూడడానికి చాలా చిన్నది. చేతిసంచిలో పట్టే ఒక గ్యాస్ బండ, దాని తలపై బిగించిన ఒంటి పొయ్యి.

ఇంత చిన్న వస్తువుకు ఒక సభ కావలెనా అని కొందరు మిత్రులు మమ్ము అడిగారు. కావలెననే మా నిశ్చితాభిప్రాయం. ఆ పొయ్యి మన గదులలో ఉన్నది. ట్రాక్ పనివారి క్యాంపులలో ఉన్నది. మనం నడిపే రైళ్ళలో ప్రయాణికుల సామాను నడుమ దాగి వస్తున్నది. మనం మోసే పార్సెళ్ళలో పేరు మార్చుకొని వస్తున్నది. అది పేలిననాడు కాలిపోయేది మనవారు. చట్టం మేలుకొన్ననాడు పట్టుబడేదీ మనవారే. కనుక దీనిని గురించి మాట్లాడవలసిన మొదటి బాధ్యత కార్మిక సంఘానిదే.

కుంపటి నుండి గ్యాస్ దాకా

బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణాన్ని నిర్మించిన రోజులలో శ్రీకాకుళం, విశాఖ, గంజాం ప్రాంతాల నుండి మన పూర్వులు ఇక్కడికి వచ్చారు. భార్యాబిడ్డలను ఊరిలో విడిచి ఒంటరిగా వచ్చినవారు అనేకులు. వర్క్‌షాపులో పని ముగించి గదికి చేరి, బొగ్గుల కుంపటి రాజేసి, ఇంత అన్నం ఉడికించుకొని తిన్న తరం అది. ఆ తరాన్ని సంఘటితం చేసినవారిలో బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించిన వి.వి. గిరి గారు అగ్రగణ్యులు. 1927-28 నాటి ఖరగ్‌పూర్ పోరాటాల చరిత్ర ఈ సభలోని పెద్దలకు మేము చెప్పనవసరం లేదు. అప్పటి కార్మికులు సంఘం పెట్టుకొన్నది కూలి కొరకే కాదు, ప్రాణానికి విలువ కట్టించుకొనుట కొరకు కూడా.

కుంపటి పోయి కిరసనాయిలు స్టవ్వు వచ్చింది. పొగ తగ్గింది, కాని పంపు స్టవ్వు పేలి ఎందరు గృహిణులు కాలిపోయారో మనకందరికీ తెలిసినదే. స్టవ్వు పోయి గ్యాస్ వచ్చింది. శ్రమ తగ్గింది, సమయం కలిసి వచ్చింది. ప్రతి మార్పూ ఒక సుఖాన్ని తెచ్చినది, వెంట ఒక కొత్త ప్రమాదాన్నీ తెచ్చినది. గ్యాస్ వద్దని చెప్పుటకు మేము రాలేదు. గ్యాస్ కావలెను. అయితే ఏ గ్యాస్, ఏ బండలో, ఏ చోట అన్నదే ప్రశ్న.

మదురై యార్డులో ఏమి జరిగినది?

2023 ఆగస్టు 26వ తేదీ తెల్లవారుజామున సుమారు 5 గంటల 15 నిమిషాలకు మదురై యార్డులో నిలిపి ఉంచిన ఒక పర్యాటక బోగీ అంటుకొన్నది. ఆ బోగీ ఆగస్టు 17న లక్నో నుండి యాత్రికులతో బయలుదేరినది. నాగర్‌కోయిల్‌లో పునలూరు–మదురై ఎక్స్‌ప్రెస్‌కు జోడింపబడి మదురై చేరినది. అక్కడ దానిని రైలు నుండి విడదీసి పక్క లైనులో ఉంచారు. యాత్రికులు రహస్యంగా తెచ్చుకొన్న గ్యాస్ సిలిండరు వలన నిప్పు పుట్టినదని దక్షిణ రైల్వే ప్రకటించినది. తొమ్మిది మంది మరణించారు.

మిత్రులారా, ఈ ఉదంతంలో ఒక లెక్క మనం వేయవలసి ఉన్నది. 17వ తేదీ నుండి 26వ తేదీ వరకు తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులలో ఆ బోగీ ఎన్ని స్టేషన్లలో ఆగి ఉంటుంది? ఎన్ని ప్లాట్‌ఫారాల పక్కన నిలిచి ఉంటుంది? ఎంతమంది ఉద్యోగులు దాని పక్కగా నడిచి ఉంటారు? బండ దాగి ఉండవచ్చును. వంట వాసన దాగదు. అయినా ఎవరూ అడగలేదు. ఏ ఒక్క ఉద్యోగినీ నిందించుటకు ఈ మాట అనుటలేదు. ప్రతి ఒక్కరి చేతిలో రెండు మూడు ఉద్యోగాల పని ఉన్నప్పుడు, ప్రత్యేక బోగీని తనిఖీ చేయుట ఎవరి బాధ్యతో ఎవరికీ స్పష్టంగా తెలియనప్పుడు, అడిగేవాడు ఉండడు.

అందులో చనిపోయినవారు దుర్మార్గులు కారు. తీర్థయాత్రకు బయలుదేరిన సామాన్యులు. తమ అలవాటు ప్రకారం వేడి టీ, వేడి అన్నం కోరుకొన్నవారు. మన ఇళ్ళలోని తల్లిదండ్రులు పుణ్యక్షేత్రాలకు వెళ్ళేటప్పుడు కోరుకొనేదీ అదే.

ఇది మన దేశానికే పరిమితమైన విషయం కాదు. 2002 ఫిబ్రవరి 20న ఈజిప్టులో కైరో నుండి లక్సోర్ వెళ్ళే రాత్రి రైలు అల్ అయాత్ వద్ద అంటుకొని మూడు వందల అరవైకి పైగా ప్రయాణికులు మరణించారు. బోగీలో వంటకు వాడిన గ్యాస్ పొయ్యే అందుకు కారణమని నాడు ప్రకటించారు. అదీ పండుగకు ఇంటికి వెళ్ళే పేదలతో కిక్కిరిసిన రైలే.

బండలో ఉన్నదేమిటి?

చాలామంది బండలో ఉన్నది గాలి వంటి వాయువే అనుకొంటారు. అందులో ఉన్నది ఒత్తిడి క్రింద ద్రవంగా మారిన ప్రొపేను, బ్యూటేను మిశ్రమం. బయటకు వచ్చినప్పుడు ఆ ద్రవం సుమారు రెండు వందల యాభై రెట్లు వ్యాపించి వాయువు అవుతుంది. ఒక కిలో గ్యాస్ కారితే సుమారు అర ఘనపు మీటరు వాయువు అవుతుంది. గాలిలో దాదాపు నూటికి రెండు వంతులు కలిసినా అది అంటుకొనగలదు.

ఇప్పుడు ఒక చిన్న గదిని ఊహించండి. పొడవు 3 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, ఎత్తు రెండున్నర మీటర్లు. ఒక్క కిలో గ్యాస్ కారి ఆ గదిలో కలిసిపోతే, గది అంతా మంటకు సిద్ధమైనట్లే. పైగా ఈ వాయువు గాలికన్న బరువైనది. పైకి పోదు; నేలమీద నీరు పరచుకొన్నట్లు పరచుకొంటుంది. మంచం క్రిందికి, తలుపు సందులోనికి, బోగీలోనైతే సీట్ల క్రిందికి చేరుతుంది. అందువలన కిలో కన్న తక్కువ కారినా నేలమట్టంలో ప్రమాదం సిద్ధంగానే ఉంటుంది. వాసన లేని ఈ వాయువుకు మనం పసిగట్టుటకే మెర్కాప్టాన్ అనే దుర్వాసన పదార్థాన్ని కలుపుతారు. ఆ వాసన మనకు ఇచ్చే గడువు కొద్ది నిమిషాలు మాత్రమే.

రెండవ విషయం మరింత ముఖ్యమైనది. మన ఇంటికి వచ్చే బండ లోపలి పరిమాణం సుమారు 33 లీటర్లు. అందులో నింపేది 14.2 కిలోలు. అంటే సుమారు ఐదవ వంతు చోటును ఖాళీగా ఉంచుతారు. ఎండకు ద్రవం వ్యాకోచించినప్పుడు ఆ ఖాళీయే బండను కాపాడుతుంది. బజారులో తూకం సరిగా లేకుండా, పెద్ద బండ నుండి చిన్న బండకు గొట్టంతో గ్యాస్ ఎక్కించేవాడు ఈ ఖాళీని పాటించడు. నోటిదాకా నిండిన చిన్న బండను వేసవి మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఉంచితే, దానిని పేల్చుటకు అగ్గిపుల్ల కూడా అవసరం లేదు.

మూడవది, బండ తలపైనే పొయ్యి బిగించిన అమరిక. చాలా వాటిలో రెగ్యులేటరు ఉండదు, రబ్బరు గొట్టం ఉండదు. మంటకు, వాల్వుకు మధ్య జానెడు దూరం. పెద్ద గిన్నె పెట్టినప్పుడు వేడి క్రిందికి తిరిగి బండను తాకుతుంది. గిన్నె బరువుకు బండ ఒరిగితే ద్రవమే నేరుగా మంటలోనికి వస్తుంది.

నాలుగవది కనిపించని శత్రువు. చలికాలంలో తలుపులు, కిటికీలు మూసుకొని చిన్న చోట పొయ్యి వెలిగిస్తే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రపోయినవాడు నిద్రలోనే పోతాడు. వెచ్చదనం కొరకు పొయ్యి వెలిగించి పడుకొనే అలవాటు ఉన్న క్యాంపులలో ఈ సంగతి ప్రతి ఒక్కరూ తెలుసుకొనవలెను.

చట్టాలు లేవా?

ఉన్నవి. కొదువ లేదు. 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం క్రింద 2016 గ్యాస్ సిలిండర్ల నిబంధనలు ఉన్నవి. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ, మనం పెసో అని పిలిచేది, వాటిని అమలు చేస్తున్నది. ఆమోదం లేని బండను, ఆమోదం లేని వాల్వును వాడరాదు. అనుమతి లేని చోట గ్యాస్ నింపరాదు. నిత్యావసర వస్తువుల చట్టం క్రింద 2000 సంవత్సరంలో జారీ అయిన గ్యాస్ సరఫరా ఉత్తర్వు, ఇంటి బండలోని గ్యాస్‌ను వేరొక బండలోనికి మార్చుటను నిషేధిస్తున్నది. పొయ్యికి ఐ.ఎస్. 4246, రబ్బరు గొట్టానికి ఐ.ఎస్. 9573, బండకు ఐ.ఎస్. 3196 అనే ప్రమాణాలు ఉన్నవి.

రైలు విషయానికి వస్తే, 1989 రైల్వే చట్టం 67వ సెక్షను ప్రకారం ప్రమాదకర వస్తువును లిఖితపూర్వకంగా తెలుపకుండా, పొట్లంపై గుర్తు వేయకుండా రైలులో తీసుకొని పోరాదు. అనుమానం కలిగినప్పుడు పొట్లాన్ని విప్పించి చూసే అధికారం రైల్వే ఉద్యోగికి ఆ సెక్షనే ఇస్తున్నది. 164వ సెక్షను ప్రకారం చట్టవిరుద్ధంగా తెచ్చినవానికి మూడేళ్ళ వరకు ఖైదు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధింపవచ్చును. నష్టానికి కూడా అతడే బాధ్యుడు. సరకుల విభాగంలో పనిచేసిన మిత్రులకు ఎర్ర టారిఫ్ పుస్తకం సుపరిచితమే.

మరి ఇన్ని ఉండగా లోపం ఎక్కడ? చట్టం చివరి చేతిని పట్టుకొంటున్నది, మొదటి చేతిని విడిచిపెడుతున్నది. ఇదే మా ఆరోపణ.

చిన్న బండ రైలు ఎక్కే లోపల ఎన్ని చేతులు మారుతుందో చూడండి. ఏ గుర్తూ లేని బండను ఒకడు తయారుచేస్తాడు. ఒకడు అమ్ముతాడు. గృహిణులకు చేరవలసిన బండలోని గ్యాస్‌ను ఒకడు కాజేస్తాడు. ఒకడు బజారులో కిలోల లెక్కన నింపి ఇస్తాడు. ఈ నలుగురూ లాభం పొందినవారు. ఐదవవాడు కొన్నవాడు. అతడు ఒక పోర్టరు కావచ్చు, కాంట్రాక్టు కూలీ కావచ్చు, మారుమూల నుండి వచ్చిన యాత్రికుడు కావచ్చు. శిక్ష అతనిది, చావు కూడా అతనిదే. ప్రమాదం జరిగిన మరునాడు పత్రికలలో వచ్చేది అతని అజాగ్రత్త మాత్రమే.

పొరుగు అనుభవం

ఇతర దేశాలు ఈ సమస్యను ఎట్లా చూసినవో కొంచెం తెలుసుకొనుట మంచిది. జపానులో బల్లమీద పెట్టుకొనే చిన్న బ్యూటేను పొయ్యి ఇంటింటా ఉన్నది. డబ్బా మితిమీరి వేడెక్కి ఒత్తిడి పెరిగితే, గ్యాస్ దానంతట అదే ఆగిపోయే అమరిక అక్కడి ప్రమాణాలలో ఉన్నది. 1995 కోబే భూకంపంలో ఒక కంపెనీ డబ్బా మరొక కంపెనీ పొయ్యికి సరిపోక ప్రజలు ఇబ్బంది పడినందున, 1998లో డబ్బాల కొలతలను ఏకం చేశారు. ఐరోపా సమాఖ్యలో 2018 ఏప్రిల్ 21 నుండి అమలులో ఉన్న నిబంధన ప్రకారం గ్యాస్ పరికరాన్ని ముందుగా పరీక్షించి, గుర్తు వేసిన తరువాతనే అమ్మవలెను. విహారయాత్రల పొయ్యికి కూడా ఇదే నియమం.

ఇందులో మనకు తెలియవలసిన నీతి ఒక్కటే. అక్కడ నియంత్రణ కర్మాగారం గేటు వద్ద మొదలవుతున్నది. ఇక్కడ అది ప్లాట్‌ఫారం గేటు వద్ద మొదలవుతున్నది. అప్పటికే ఆలస్యమైపోయినది.

పొయ్యి ఎందుకు వస్తున్నది?

ఇక మనలోనికి మనం చూసుకొనవలసిన సమయం వచ్చినది.

గార్డు అనే పేరు 2022లో ట్రైన్ మేనేజరుగా మారినది. గ్యాంగ్‌మన్ నేడు ట్రాక్ మెయింటెయినరు. పేర్లు మారినవి, ఆకలి వేళలు మారలేదు. గూడ్సు బండి లూప్ లైనులో గంటల తరబడి నిలిచిపోయిన రాత్రులలో, బ్రేకువానులో స్టవ్వు వెలిగించి అన్నం వండుకొన్న పెద్దలు ఈ సభలో ఉన్నారు. వారిని మేము తప్పుపట్టజాలము. ఆనాడు వారికి అన్నం పెట్టే నాథుడు లేడు. నేటికీ తెల్లవారుజామున మూడు గంటలకు డ్యూటీ ఎక్కే ఉద్యోగికి వేడి టీ దొరకని చోట్లు ఉన్నవి. ట్రాక్ పనిమీద ఊరికి దూరంగా క్యాంపు వేసిన వారికి మంచినీరే కష్టం. అద్దె గదిలో ఉండే కాంట్రాక్టు కూలీకి ఇంటి చిరునామా ఋజువు లేదు, కనుక గ్యాస్ కనెక్షను లేదు. చేతిలో ఉన్న డబ్బుకు ఒక కిలో గ్యాస్ అమ్మేవాడు వీధి మలుపులో ఉన్నాడు. అతడు అక్కడికి పోక ఏమి చేస్తాడు?

మాకు తెలిసిన ఒక సంఘటన చెప్పెదము. చోటు, పేర్లు వద్దు. చలికాలపు రాత్రి ఒక క్యాంపులో ఐదుగురు నిద్రపోతున్నారు. ఆ రోజే నింపించి తెచ్చిన చిన్న బండలో వాషరు అరిగి ఉన్నది. అర్ధరాత్రి ఒక కుర్రవాడు దాహమై లేచాడు. వాసన తగిలినది. దీపం వేయబోయి చేయి వెనుకకు తీసుకొన్నాడు. చీకటిలోనే తలుపు తీసి, అందరినీ తట్టి లేపి, బండను ఆరుబయటకు మోసుకొనిపోయాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మరునాడు ఆ కుర్రవాడిని మేము అడిగాము: "దీపం వేయరాదని నీకెవరు చెప్పారు?" అతడు అన్నాడు: "మా అమ్మ చెప్పిందండి." ఐదు ప్రాణాలను కాపాడినది నిబంధనల పుస్తకం కాదు, ఒక తల్లి మాట. ఆ మాటను ప్రతి క్యాంపుకు చేర్చుట మన పని కాదా?

మన వైఖరి

ఒక కష్టమైన ప్రశ్న మా వద్దకు వస్తున్నది. బండితోనో, బ్రేకువానులోనో, క్యాంపులోనో నిషిద్ధమైన బండతో పట్టుబడిన సభ్యుడు చార్జిషీటు చేతబట్టుకొని యూనియన్ ఆఫీసుకు వస్తే మనం ఏమి చేయవలెను?

మా సమాధానం ఇది. ఆ సభ్యుని పక్షాన నిలబడవలెను. అతనికి న్యాయమైన విచారణ జరుగవలెను. భోజన వసతి ఉన్నదా, లేదా అన్నది విచారణలో రికార్డు కావలెను. కాని పొయ్యి పక్షాన మనం నిలబడరాదు. "పోనీలెండి, చిన్న బండే కదా" అని యూనియన్ నాయకుడు అన్ననాడు, రేపు జరిగే ప్రమాదంలో అతనికీ భాగం ఉంటుంది. ఒక బోగీలో డెబ్బది ఎనభై ప్రాణాలు ఉంటవి. ఒకని ఆకలి నిజమే. ఎనభై మంది ప్రాణం అంతకంటె నిజం.

అట్లే యాజమాన్యానికి కూడా ఒక మాట. నిషేధించే అధికారం ఎవరికి ఉన్నదో, అన్నం పెట్టే బాధ్యత కూడా వారికే ఉన్నది. పొయ్యిని లాక్కొని చేతులు దులుపుకొనుట భద్రత అనిపించుకొనదు.

చట్టబద్ధమైన దారి లేకపోలేదు. 2013 నుండి ప్రభుత్వ చమురు కంపెనీలు 5 కిలోల బండను బహిరంగ విపణిలో అమ్ముతున్నవి. దీనికి చిరునామా ఋజువు అక్కరలేదు, గుర్తింపు కార్డు చాలును. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ తన బండకు ఛోటూ అని పేరు పెట్టినది. డీలరు వద్దనే కాక కొన్ని పెట్రోలు బంకులలో కూడా దొరుకుతున్నది. ఇది తూకం వేసి, సీలు వేసి వచ్చే బండ. ధర బజారు నింపుడు కన్న ఎక్కువ అనిపించవచ్చును. కాని రసీదు లేని గ్యాస్‌కు బీమా ఉండదని గుర్తుంచుకొనుడు. చమురు కంపెనీలు తమ నమోదిత వినియోగదారుల కొరకు ప్రమాద బీమా ఉంచుతున్నవి. దొంగ బండ పేలితే ఆ కుటుంబం ఏ తలుపు తట్టగలదు? ఒక్క మాట మరువరాదు: ఛోటూ అయినా గదికే గాని రైలుకు కాదు. సీలు ఉన్నంత మాత్రాన 67వ సెక్షను మినహాయింపు ఇవ్వదు.

తపాలా మిత్రులతో

ఇది రైల్వేవారి గొడవ మాత్రమే అని తపాలా సోదరులు అనుకొనరాదు. నేడు విహారయాత్రల పొయ్యిలు, వాటి బ్యూటేను డబ్బాలు ఇంటినుండే తెప్పించుకొనే కాలం. పంపేవాడు పొట్లంపై "వంట సామాను" అని వ్రాస్తే, ఆర్.ఎం.ఎస్.లో దానిని విసరి సర్దే చేతికి ఏమి తెలుస్తుంది? ఆ సంచి ఎండలో ప్లాట్‌ఫారం మీద పడి ఉంటుంది, తరువాత మూసిన వ్యానులోనికి పోతుంది.

1898 తపాలా చట్టం 19వ సెక్షను పేలుడు పదార్థాలను, ప్రమాదకర వస్తువులను తపాలాలో పంపరాదని శాసించినది. ఆ చట్టం స్థానంలో 2023 తపాలా చట్టం 2024 జూన్ 18 నుండి అమలులోనికి వచ్చినది. నిషేధం నియమాల రూపంలో కొనసాగుతున్నది. కాని పాత చట్టంలో నేరాలను, శిక్షలను వివరించిన అధ్యాయం కొత్త చట్టంలో లేదు. పంపినవానికి భయం తగ్గినప్పుడు, మోసేవానికి రక్షణ పెరుగవలెను. పెరిగినదా అని మేము అడుగుతున్నాము.

సార్టింగులో ఉన్న ప్రతి మిత్రుడూ ఈ గుర్తులను తెలుసుకొనవలెను. ఎర్రని వజ్రాకారంలో మంట బొమ్మ ఉంటే అది మండే వస్తువు. పొట్లంపై 2037 అనే ఐక్యరాజ్య సమితి సంఖ్య ఉంటే అది గ్యాస్ డబ్బా. 1965 లేదా 1075 ఉంటే అది ద్రవీకృత పెట్రోలియం వాయువు. 1950 ఉంటే ఒత్తిడితో నింపిన స్ప్రే డబ్బా. ఇట్టి పొట్లాన్ని పక్కన నీడలో ఉంచి, పై అధికారికి వ్రాతపూర్వకంగా తెలుపవలెను. నోటిమాటగా తెలిపిన విషయం ప్రమాదం తరువాత ఎవరికీ గుర్తుండదు.

మన కోర్కెలు

ఈ సభ ద్వారా మేము ఉంచుతున్న కోర్కెలు ఇవి.

1. ట్రాక్ పనివారి ప్రతి క్యాంపులోను, క్యాంపు బోగీలోను నిద్రించే చోటికి వేరుగా, గాలి ఆడే వంటచోటు ఏర్పాటు చేయవలెను. బండ బయట ఉండవలెను. ప్రమాణ గుర్తు గల గొట్టం, రెగ్యులేటరు యాజమాన్యమే ఇవ్వవలెను.

2. రన్నింగు రూములలో, పెద్ద యార్డులలో రాత్రి వేళ కూడా వేడి భోజనం దొరకవలెను. నిలిచిపోయిన గూడ్సు బండి సిబ్బందికి భోజనం చేర్చే బాధ్యత ఎవరిదో వ్రాతపూర్వకంగా నిర్ణయించవలెను.

3. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలకు అందుబాటులో 5 కిలోల సీలు బండలు అమ్మే కేంద్రాలు తెరువవలెను.

4. దొంగతనంగా గ్యాస్ నింపే చోట్లపై జిల్లా సరఫరా శాఖ, పోలీసులు, పెసో కలిసి దాడులు జరుపవలెను. కొన్నవానికన్న ముందు నింపినవానిపై, తయారుచేసినవానిపై కేసు పెట్టవలెను.

5. యాత్రా బోగీలను బయలుదేరే చోట తనిఖీ చేయవలెను. మార్గమధ్యంలో కూడా చేయవలెను. అందుకు చాలినంత సిబ్బందిని నియమించవలెను.

6. ప్రమాదకర పొట్లాలను గుర్తించుటలో ఆర్.ఎం.ఎస్., పార్సెలు సిబ్బందికి శిక్షణ ఇవ్వవలెను. అనుమానాస్పదమైన పొట్లాన్ని పక్కన పెట్టిన ఉద్యోగిపై ఆలస్యం నెపంతో చర్య తీసుకొనరాదు.

7. కాంట్రాక్టు కార్మికులకు ఈ వసతులన్నీ సమానంగా వర్తింపవలెను. గ్యాస్ మంట రెగ్యులరు ఉద్యోగిని, కాంట్రాక్టు కూలీని వేరుచేసి చూడదు.

మన విధులు

కోరుట ఒక చేయి, ఆచరించుట మరొక చేయి. రెండు చేతులూ కలిసినప్పుడే చప్పుడు. కనుక మన సభ్యులను కూడా మేము కొన్ని విధులు కోరుతున్నాము.

బండ తీసుకొనేటప్పుడు దాని మెడ వద్ద ఉన్న పట్టీపై అక్షరం, అంకె చదువుడు. ఎ అంటే జనవరి నుండి మార్చి, బి అంటే ఏప్రిల్ నుండి జూన్, సి అంటే జూలై నుండి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుండి డిసెంబరు. పక్కన ఉన్న అంకె సంవత్సరం. ఆ గడువు దాటితే బండను తిరిగి పరీక్షించవలెను. గడువు దాటిన బండను నిరాకరించుడు. ఏ గుర్తూ లేని బండను ఇంటి గడప దాటనీయకుడు.

వాసన వచ్చినప్పుడు దీపం వేయకుడు, ఉన్న దీపం ఆర్పకుడు. రెండూ నిప్పురవ్వ పుట్టించగలవు. వాల్వు కట్టివేయుడు. తలుపులు, కిటికీలు తెరువుడు. అందరినీ బయటకు పంపుడు. గ్యాస్ అత్యవసర సహాయానికి 1906కు ఫోను చేయుడు. రైలులో బండ కనిపిస్తే 139కి, రైల్వే రక్షక దళానికి తెలుపుడు. తెలిపినవాడు చాడీకోరు కాడు. ఆ బోగీలోని పసిపిల్లలకు అతడు బంధువు.

సెలవులకు ఊరు వెళ్ళేటప్పుడు మన ఇంటివారే సామానులో చిన్న బండ పెట్టుకొనకుండ చూడవలెను. "రైల్వేవాళ్ళం, మనల్ని ఎవరడుగుతారు" అనే మాట మన ఇళ్ళలో వినబడరాదు. రైల్వేవాడే అడగవలసినవాడు. అతడే దాచిననాడు ఇక అడిగేవాడు ఎవరు?

మిత్రులారా! మదురైలో ఆ తొమ్మిది మంది చనిపోయిన బోగీ నిలిచి ఉన్న బోగీ. కదలుతున్నది కాదు. అతి వేగం లేదు, సిగ్నలు తప్పు లేదు, పట్టా విరగలేదు. మనం నిత్యం భయపడే ఏ కారణమూ లేకుండానే, ఒక పూట వేడి టీ కొరకు, ప్రాణాలు పోయినవి. ఆ టీని భద్రంగా అందించే ఏర్పాటు దేశానికి భారం కాదు. ఆ బండను మొదటి చేతిలోనే ఆపుట ప్రభుత్వానికి అసాధ్యమూ కాదు. కావలసినది పట్టుదల. ఆ పట్టుదలను కలిగించుట సంఘటిత కార్మికుల పని.

ఈ కోర్కెలను ప్రతి శాఖ తన సమావేశంలో చర్చించి, తీర్మానించి పంపవలెనని సమాఖ్య పక్షాన కోరుతున్నాము.

కార్మికుల ఐక్యత వర్ధిల్లాలి!